బిందె మీద పేరు

సంక్రాంతికి వారం ముందు అమ్మ వచ్చింది. తెనాలి దగ్గర మా ఊరి నుంచి బస్సులో, ఒళ్లో అరిసెల డబ్బా పెట్టుకుని. చెప్పులు విప్పి, కాళ్లు కడుక్కుని, మంచినీళ్లు తాగి, మా హాల్లో తూర్పు గోడకు కొత్తగా కొట్టించిన టేకు అరల ముందు నిలబడింది. ఆ టేకు విజయవాడ వన్‌టౌన్‌లో పడగొట్టిన ఒక పాత మేడ దూలాలది. దాని కోసం ఆరు నెలలు తిరిగాను. మెచ్చుకుంటుందని ఎదురు చూశాను. కళ్లజోడు సవరించుకుని, పై అర నుంచి కింది అర దాకా ఒక్కొక్కటే చూసి, ఒకే ఒక్క మాట అడిగింది.

"ఇవన్నీ తోమేది ఎవరే?"

అప్పటికి తోమేది నేను కాదు. మా ఇంట్లో పని చేసే ఆవిడ నెలకోసారి తోమేది, దానికి విడిగా డబ్బులిస్తాను. ఆ మాట అమ్మకు చెప్పడానికి నోరు రాలేదు. చెప్పకుండానే ఆవిడకు అర్థమైంది. "ఊఁ" అని వంటింట్లోకి వెళ్లిపోయింది. ఆ "ఊఁ"తో నాకు మొదలైన పేచీ ఇది.

పన్నెండేళ్ల క్రితం సత్యనారాయణపురంలో ఈ ఫ్లాటు కొన్నప్పుడు గోడలు బోసిగా ఉండేవి. అమ్మమ్మ అడకత్తెర ఒకటి నా దగ్గర ఉంటే దాన్ని తెచ్చి టీవీ పక్కన పెట్టాను. వచ్చినవాళ్లంతా దాన్ని చేతిలోకి తీసుకుని తెరిచి మూసి చూసేవాళ్లు. అదే నా కొంప ముంచింది. తర్వాత మరచెంబు వచ్చింది. గిద్ద, సోల, తవ్వ, మానిక అనే కొలపాత్రలు వరసగా వచ్చాయి. కుంకుమ భరిణెలు, ఊరగాయ జాడీలు, హరికేను లాంతరు, నూతి గిలక, రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో లోహం ఆదా చేయడానికి నడిమధ్య చిల్లు పెట్టి ముద్రించిన కాణీలు (రూపాయికి 64 వచ్చేవి), నాన్న మర్ఫీ రేడియో, ఆఖరికి ఒక ఇత్తడి గంగాళం. అమ్మ వచ్చిన రోజుకు లెక్క నలభై ఏడు. గంగాళంలో మనీప్లాంటు పెట్టాను. ఇప్పుడు రాస్తుంటే సిగ్గేస్తోంది.

ఎందుకంటే అలాంటి గంగాళం మా ఊరి ఇంట్లో ఉండేది. ఖాళీగా ఉన్నా ఇద్దరు పట్టుకుంటే తప్ప కదిలేది కాదు. శుక్రవారం తెల్లవారుజామున అమ్మ దాన్ని దొర్లించుకుంటూ నూతి దగ్గరికి తీసుకెళ్లి, నానబెట్టిన చింతపండు, ఉప్పు, పొయ్యి బూడిద కలిపి కొబ్బరి పీచుతో తోమేది. చింతపండులోని పులుపు ఇత్తడి మీది నల్లటి పొరను కరిగిస్తుంది కాబట్టి అప్పటికి బంగారంలా మెరుస్తుంది. గాలి, తేమ తగిలి నాలుగు రోజుల్లో మళ్లీ మసకబారుతుంది. వచ్చే శుక్రవారం మళ్లీ అదే. గంగాళం ఒక్కటే కాదు, బిందెలు, చెంబులు, తపేలాలు, దీపపు కుందులు. అమ్మ అరచేతుల్లో ఆ రోజుల్లో పడిన పగుళ్లు ఇప్పటికీ పూర్తిగా పోలేదు.

తోమడంతో అయిపోయేది కాదు. ఇత్తడి గిన్నెలో పులుసు కాయాలంటే లోపల కళాయి ఉండాలి, లేకపోతే పులుపు తగిలి చిలుమెక్కుతుంది. ఆ పూత కొన్ని నెలలకు అరిగిపోతుంది. అప్పుడు కళాయి అతను వచ్చేవాడు. వీధి చివర చిన్న గుంట తవ్వి, బొగ్గులు పోసి, తిత్తితో ఊది, గిన్నె బాగా కాలాక నవాచారం పొడి చల్లి, తగరాన్ని ఇలా తాకించి, దూదితో ఒక్క చుట్టు తిప్పేవాడు. తెల్లటి పొగ గుప్పున లేచేది. పొగ తగ్గేసరికి గిన్నె లోపలంతా వెండి! పిల్లలం నోళ్లు తెరుచుకుని చూసేవాళ్లం. నాకు గుర్తున్నది ఆ వెండి. అమ్మకు గుర్తున్నది గిన్నెలన్నీ బయటికి మోసి, ఖాళీ చేసి, మళ్లీ లోపలికి మోసిన రోజు.

నేను రెండో తరగతిలో ఉండగా, 1982లో, అమ్మ ఆ గంగాళాన్ని తూకానికి అమ్మేసి స్టీలు సామాను కొనుక్కుంది. ఆ సాయంత్రం పాట పాడుకుంటూ వంట చేసిందని మా పెద్దమ్మ ఇప్పటికీ నవ్వుతూ చెబుతుంది. ఇత్తడి బిందెలో నీళ్ల రుచి గురించి కమ్మగా రాసేవాళ్లలో ఆ బిందె మోసినవాళ్లు ఎంతమందని నాకు ఈమధ్య అనుమానం. నేనూ మోయలేదు. మా ఇంటికి కుళాయి వచ్చేసరికి నాకు ఎనిమిదేళ్లు.

మరైతే ఇవన్నీ కరిగించేయాలా? అమ్మ మాట అక్కడి దాకా తీసుకెళ్లడం నాకు ఒప్పుదల కాదు. 2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు పొంగి అజిత్‌సింగ్ నగర్ మునిగినప్పుడు మా ఆడపడుచు ఇల్లు నడుము లోతు నీళ్లలో ఉంది. మర్నాడు ప్రకాశం బ్యారేజీ నుంచి 11.43 లక్షల క్యూసెక్కులు వదిలారు. అంత వరద ఆ బ్యారేజీ ఎప్పుడూ చూడలేదు. ఆడపడుచు ఇంట్లో చెక్కపొట్టు అట్టలతో చేసిన బీరువా ఉబ్బి పగిలిపోయింది. సోఫా కుళ్లింది, ఫ్రిజ్ తేలి తలకిందులైంది. మా అత్తగారి నాటి గంగాళం కూడా తేలింది, కానీ నిటారుగా తేలింది. వాళ్లు అందులో బియ్యం మూట, పిల్లల సర్టిఫికెట్ల సంచి పెట్టి, పడవను తోసినట్టు హాల్లోంచి మేడ మెట్ల దాకా తోసుకెళ్లారు. నీళ్లు తీశాక వీధంతా పాడైన సామాను గుట్టలు. గంగాళాన్ని మాత్రం బురద కడిగి మళ్లీ లోపల పెట్టుకున్నారు. ఆ ఇంట్లో అది ఇప్పుడు అలంకారం కాదు. దాన్ని ఎవరైనా అమ్మమంటే మా ఆడపడుచు కొట్టినంత పని చేస్తుంది.

కాబట్టి నా వాదన ఇది. ఒక పాత వస్తువు ఇంట్లో కొలువుండాలంటే, అది ఏ పని చేసిందో, ఎవరిచేత ఎంత చాకిరీ చేయించిందో ఆ ఇంట్లో ఒక్కరికైనా తెలిసి ఉండాలి. అది ఎవరికీ తెలియని ఇంట్లో ఆ వస్తువు ఇత్తడి రంగు ముద్ద, అంతే.

జాతీయ రహదారి పక్కన ఈమధ్య పల్లెటూరి వేషం వేసుకున్న భోజన హోటళ్లు చాలా వచ్చాయి. ఒకదాంట్లో గోడకు నాగలి వేలాడుతోంది, తలకిందులుగా. తిరగలి పై రాయికి అద్దం అంటించి బల్ల చేశారు. రోట్లో నీళ్లు పోసి గులాబీ రేకులు చల్లారు. వడ్డించే కుర్రవాణ్ని "ఇదేమిటి బాబూ?" అని అడిగితే, "డెకరేషన్ అండీ" అన్నాడు. అతని తప్పేమీ లేదు. ఆ నాగలి అతనికి నిజంగానే డెకరేషన్. ఆ పక్కనే, అమ్మమ్మ వంట అని రాసిన బోర్డు కింద, పచ్చడి మిక్సీలో తిరుగుతున్న చప్పుడు వినిపిస్తోంది. మిక్సీ మీద నాకు కోపం లేదు. రోలు మీద గులాబీ రేకులు చూస్తే ఉంది.

ఇంకొకరిని అనేముందు నా బుద్ధితక్కువ కూడా చెప్పాలి. ఆరేళ్ల క్రితం ఒక గ్రామఫోను కొన్నాను. ఇత్తడి బాకా ధగధగలాడుతోంది, పెట్టె మీద కుక్క బొమ్మ బిళ్ల. అమ్మినాయన దాన్ని జమీందారు గారి ఇంట్లోది అన్నాడు. ఎక్కడి జమీందారని నేను అడగలేదు. తీసుకొచ్చి తాళం తిప్పితే రెండు నిమిషాలు గిరగిరా తిరిగి ఆగిపోయింది. తెలిసినాయన విప్పి చూసి నవ్వాడు: లోపల చేత్తో మోసుకెళ్లే చిన్న పెట్టె గ్రామఫోను మోటారు, చుట్టూ కొత్త చెక్క, పైన పల్చటి కొత్త రేకు బాకా. ఇలాంటి అతుకుల గ్రామఫోన్లు మన దేశంలో ఏళ్ల తరబడి తయారవుతున్నాయట. నిజమైనవాటిలో చాలావాటి బాకాలకు రంగు వేసి ఉంటుంది, కొన్నింటికి చెక్క బాకాలే. అంత మెరిసే ఇత్తడిని చూడగానే అనుమానించాలి.

మోసపోయినందుకు కాదు నా బాధ. మా వంశంలో ఏడు తరాలు వెనక్కి వెళ్లినా గ్రామఫోను ఉన్న ఇల్లు లేదు. మావాళ్లు పొగాకు ఆరబెట్టే బేరన్ల దగ్గర రాత్రింబవళ్లు కాపలా కాసినవాళ్లు. నేను మాకు లేని గతాన్ని డబ్బు పెట్టి కొనబోయాను. నకిలీ గతానికి నకిలీ పెట్టె దొరికింది, సరిపోయింది.

మాకు ఉన్నది రేడియో. నాన్న పెళ్లప్పుడు కొన్న మర్ఫీ వాల్వు రేడియో. దానికి పోస్టాఫీసులో ఏటా లైసెన్సు కట్టిన పుస్తకం కూడా ఉంది. మీట తిప్పగానే పలికేది కాదు, వాల్వులు వేడెక్కాలి. ఆ కాసేపు గదిలో అందరం ఊపిరి బిగబట్టి కూర్చునేవాళ్లం. ఆకాశవాణి విజయవాడ కేంద్రం 1948 డిసెంబరు 1న మొదలైంది. నా చిన్నతనానికి ఆదివారం మధ్యాహ్నం ఉషశ్రీ గారి భారత ప్రవచనం అంటే మా అరుగు మీద పక్కింటివాళ్లకు చోటు చాలేది కాదు. నాన్న పోయాక ఆ రేడియో అటక మీద ముప్పై ఏళ్లు ఉంది. కిందికి దించి నేరుగా కరెంటు పెట్టబోతే గవర్నర్‌పేటలో ఒక పెద్దాయన ఆపారు. లోపలి కండెన్సర్లు ఎండిపోయి ఉంటాయి, అలాగే పెడితే ట్రాన్స్‌ఫార్మరు మాడిపోతుందన్నారు. ఆయనే వాటిని మార్చి ఇచ్చారు. పైపెట్టెకు పాలిష్ పెట్టమంటారా అని అడిగారు. వద్దన్నాను. మీట పక్కన నాన్న బొటనవేలు ఆనించే చోట రంగు పోయి ఉంటుంది. అది పోతే ఇక దాన్ని ఎందుకు ఉంచుకోవాలి?

ఇక బిందె సంగతి. వన్‌టౌన్‌లో పాత ఇత్తడి తూకానికి అమ్మే కొట్టు ఒకటుంది. ఆ కొట్టతన్ని బాబాయ్ అంటాను. ఒకరోజు గుట్టలోంచి ఒక బిందె తీశాడు. మంచి బరువు, ఒక పక్క చిన్న సొట్ట. మెడ చుట్టూ ఉలితో చుక్కలు చుక్కలుగా కొట్టిన అక్షరాలు: చి.ల.సౌ. అని మొదలై ఒక ఆడపేరు, పక్కన ఊరి పేరు, 1961. సారెతో వచ్చిన బిందె. ఎవరో పెళ్లికూతురితోపాటు అత్తారింటికి వెళ్లింది.

"పేరుందని ఆలోచించకమ్మా, యంత్రం మీద పాలిష్ పట్టిస్తే పేరు పోతుంది, కొత్తదానిలా ఉంటుంది" అన్నాడు బాబాయ్.

మంచి మనసుతోనే అన్నాడు. చాలామంది అలాగే అడుగుతారట. ఇంకొకరి పేరున్న వస్తువు ఇంట్లో ఉంటే మంచిది కాదని కొందరు, చూడ్డానికి బాగుండదని కొందరు. నేను పేరుతోనే తెచ్చుకున్నాను. తెచ్చి, పేరు గోడవైపు తిప్పి పెట్టాను. ఎందుకలా పెట్టానో అప్పుడు తెలియలేదు. తర్వాత మా పనావిడ దాన్ని తోముతూ, "మా ఇంట్లో ఇలాంటివి మూడుండేవమ్మా, పిల్ల పెళ్లికి అమ్మేశాం" అంది, మామూలుగా, కూరగాయల ధర చెప్పినట్టు. నా అరల్లోకి వస్తువులు ఎక్కడి నుంచి వస్తున్నాయో అప్పుడు తెలిసింది. సరదాగా అమ్ముకున్నవాళ్లు మా అమ్మలా కొందరుంటారు. ఆసుపత్రి ఖర్చుకు, పెళ్లికి, అప్పుకు అమ్ముకున్నవాళ్లు ఎంతోమంది.

ఇంకొకరి పేరు చెరిపి మన ముంగిలి అలంకరించుకోవడం కృష్ణా తీరానికి కొత్త కాదు. అమరావతి స్తూపాన్ని చుట్టుపక్కలవాళ్లు దీపాలదిన్నె అనేవారు. పద్దెనిమిదో శతాబ్దం చివర్లో జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు గారు అక్కడ కొత్త పట్నం కడుతుండగా ఆ దిబ్బలోంచి రాళ్లు తవ్వి తీశారు. చెక్కడాలున్న పాలరాళ్లలాంటి ఆ సున్నపురాళ్లలో కొన్ని కట్టడాల్లోకి పోయాయి, కొన్ని కాలి సున్నమయ్యాయి. తర్వాత మచిలీపట్నంలో రాబర్ట్‌సన్ అనే ఆంగ్లేయ అధికారి తాను వేయించిన కొత్త పేటకు అందంగా ఉంటుందని కొన్ని శిల్పాలను అక్కడికి మోయించి, బజారు నడుమ ఒక దిబ్బ కట్టి, దానికి తాపడం చేయించాడు. ఆ పేటను ఇప్పటికీ రాబర్ట్‌సన్‌పేట అనే పిలుస్తారు. రాయి చెక్కించినవాళ్లు, దానమిచ్చినవాళ్లు తమ పేర్లు ఆ రాళ్ల మీదే రాయించుకున్నారు. పేట పేరు మాత్రం మోయించినవాడిది. 1845లో వాల్టర్ ఎలియట్ అనే మరో అధికారి అమరావతిలో తవ్వించినవి మద్రాసు వెళ్లాయి, వాటిలో చాలా భాగం 1859లో లండన్ చేరింది. ఇప్పుడు వాటిని చూడాలంటే బ్రిటిష్ మ్యూజియానికి పోవాలి. నా ఇత్తడి బిందెను దానితో పోల్చడం అతిశయోక్తే, ఒప్పుకుంటాను. కానీ "ఇక్కడ పెడితే బాగుంటుంది" అని రాబర్ట్‌సన్ అనుకున్నప్పుడు అతని మొహంలో ఉన్న సంబరం ఎలాంటిదో నాకు బాగా తెలుసు. అద్దంలో చూశాను.

అందుకే ఒక హద్దు పెట్టుకున్నాను: గుడికి చెందిన వస్తువు ఏదైనా సరే, ఎంత చవకగా వచ్చినా ఇంటికి తేను. విగ్రహం, గంట, వాహనం చెక్క, ఏదీ. చట్టం సంగతి కూడా ఉంది. 1972 నాటి పురావస్తు చట్టం ప్రకారం నూరేళ్లు దాటిన కళాఖండాలు, 75 ఏళ్లు దాటిన విలువైన రాతప్రతులు పురావస్తువుల లెక్కలోకి వస్తాయి. శిల్పాలు, విగ్రహాల వంటివి ఉంటే నమోదు చేయించాలి, వాటి వ్యాపారానికి లైసెన్సు ఉండాలి. నాయనమ్మ చెంబుకు ఎవరూ రారు. కానీ నల్లబడిన పంచలోహ విగ్రహాన్ని గుడ్డలో చుట్టి చూపించేవాడు తటస్థపడితే, బేరం ఆడకండి, అక్కడి నుంచి వచ్చేయండి.

ఇక ఇల్లు ఎలా సర్దాలన్నది. దీనికి బయటి పత్రికల్లో బొమ్మలు చూసి నేర్చుకోవలసిన పని లేదనిపిస్తుంది. బొమ్మల కొలువు పెట్టే జాతికి సర్దడం ఒకరు నేర్పాలా? మా వైపు కొలువు సంక్రాంతికి. భోగి నాడు మెట్లు కట్టి తెల్లటి దుప్పటి పరుస్తారు. కొండపల్లి దశావతారాలు, అంబారీ ఏనుగు, తాటిచెట్టు ఎక్కే గీత కార్మికుడు, పొనికి చెక్కకు చింతగింజల బంక, రంపపు పొట్టు కలిపిన ముద్దతో అతుకులు వేసి చేసినవి. ఏటా ఒక కొత్త బొమ్మ చేరాలని ఆచారం. సాయంత్రం పేరంటాళ్లు వస్తే ఏ బొమ్మ ఎప్పటిదో, ఎవరు కొన్నారో, ఏ చెయ్యి ఎలా విరిగిందో అమ్మ చెప్పేది. ఆ కబుర్లన్నీ అయితే గానీ పేరంటాళ్లకు శనగలు, తాంబూలం ఇచ్చేది కాదు. ముచ్చటంతా మూడు రోజులే. తర్వాత ప్రతి బొమ్మా పాత నూలు గుడ్డలో చుట్టుకుని భోషాణంలోకి వెళ్లిపోయేది.

ఆ లోపలికి వెళ్లడమే అసలు కిటుకని ఇప్పుడు అనుకుంటున్నాను. ఏడాది పొడుగునా కళ్లెదుట ఉన్న వస్తువును కన్ను చూడటం మానేస్తుంది. మా అరల్లో నలభై ఏడు ఉన్నాయని చెప్పానా, వాటిలో కళ్లు మూసుకుని చెప్పమంటే నేను పద్దెనిమిది చెప్పగలిగాను. మా అమ్మాయి తొమ్మిది. మా ఆయన "ఆ రేడియో... ఆ చెంబులు..." అని ఆగిపోయారు. మూడు నెలలకు ఏడెనిమిది వస్తువులు బయట ఉంచి, మిగతావి పెట్టెలో పెట్టి, మళ్లీ మార్చడం మేలు. దుమ్ము తగ్గుతుంది. బెజవాడ ఎండకు చెక్క పగలడం, వానాకాలం తేమకు కాగితం బూజు పట్టడం కూడా కొంత తగ్గుతాయి. ఇత్తడి మెరుపు పిచ్చి కూడా వదిలేశాను. నెలనెలా చింతపండు పెట్టి తోమితే ప్రతిసారీ కాస్త లోహం, కాస్త అక్షరం అరిగిపోతాయి. పొడి గుడ్డతో తుడిస్తే చాలు, గోధుమరంగులోకి తిరిగిన ఇత్తడి దీపం వెలుగులో చాలా బాగుంటుంది. ఇప్పుడు తుడిచేది నేనే. పనావిడకు ఇచ్చే ఆ డబ్బులు మాత్రం ఆపలేదు, ఎలా ఆపుతాను?

కాలేజీ వాళ్లు మా అమ్మాయికి ఇంటర్ చదువుల మధ్య మూడు రోజులే సెలవిచ్చారు. ఆ మూడు రోజులూ అమ్మా, తనూ కొలువు పెట్టారు, తీశారు. కనుమ నాడు సర్దుతూ అమ్మ అరల ముందుకు వచ్చి తవ్వ తీసుకుంది. లోపల వేలితో రాసి చూసి, వంటింట్లోకి వెళ్లి బియ్యం డబ్బాలో పడేసింది. "ప్లాస్టిక్ గ్లాసుతో కొలుస్తావు, ఏనాడైనా అన్నం సరిగ్గా వచ్చిందా?" అంది. మనవరాలికి నాలుగు గిద్దలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక అని ఒప్పచెప్పింది. అరలో తవ్వ ఉన్న చోట గుండ్రంగా ఒక మచ్చ మిగిలింది. దాన్ని నేను అలాగే ఉంచాను.

తర్వాత బిందె దగ్గరికి వచ్చింది. గోడవైపు ఉన్న పేరును ఇటు తిప్పింది. చుక్కల మీద వేలు పెట్టి మెల్లగా చదివింది. "నాకంటే నాలుగైదేళ్ల ముందు పెళ్లి" అంది. కాసేపాగి, "మా నాన్న కూడా నా పేరు కొట్టించాడు. తూకం వేసేటప్పుడు నేను చూడలేదు" అంది. 1982 నాటి ఆ సాయంత్రం గురించి పెద్దమ్మ చెప్పిన కథలో ఈ ముక్క లేదు.

నేను ఏదో అనబోతుంటే బిందె తీసుకెళ్లి కుళాయి కింద పెట్టింది. నిండాక నా వైపు చూసింది.

"ఎత్తు."

"అమ్మా, ఇప్పుడెందుకు?"

"చూపిస్తావుగా అందరికీ. ఎత్తి చూడు."

వంగి, రెండు చేతులతో లేపి, చంకన పెట్టుకోబోతే సగం నీళ్లు చీర మీదికి వచ్చాయి. మా అమ్మాయి నవ్వు ఆపుకోలేక ఫోను తీసింది. అమ్మ దాని చేతిలోంచి ఫోను లాక్కుని నా చేతిని సర్ది, మెడను ఎక్కడ పట్టుకోవాలో చూపించింది. సరిగ్గా ఆ పేరున్న చోట. మళ్లీ నింపింది. వంటింటి నుంచి బాల్కనీలో తులసి కుండీ దాకా పదకొండు అడుగులు. రెండుసార్లు ఆగాను.